కింద పెట్టిన కప్పు

ఆ వసంతం మొదట్లో నేను ఎవరికి ఏం చెప్పబోయినా వచ్చిన జవాబు ఒక్కటే. "ముందు మీ నాన్నకి చెప్పమ్మా, తర్వాత మాకు చెబుదువుగాని."

శుక్రవారం నమాజు అయ్యేసరికి జోర్డాన్‌లో అజ్లూన్ కొండల్లోని మా గుట్ట నిండిపోయేది. అమ్మాన్ నుంచి, జర్కా నుంచి కార్లు బారులు తీరేవి. చెట్టుకో కుటుంబం, కుటుంబానికో చాప, చాపకో కుంపటి. నేను పసుపుపచ్చ చొక్కా తగిలించుకుని, చెత్తసంచీ ఒక చేత, నీళ్ళడబ్బా ఒక చేత పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగేదాన్ని.

"అన్నా, చెట్ల కింద నిప్పు వెయ్యకండి. అదుగో, రోడ్డు పక్కన రాళ్ళ చదునులో పొయ్యిలు కట్టి ఉంచాం. అక్కడ కాల్చుకుని, తెచ్చుకుని ఇక్కడ హాయిగా తినండి."

అట్టముక్కతో బొగ్గులు విసురుతున్న ఆ అన్న విసరడం ఆపకుండానే గడ్డంతో గుట్ట పైకి చూపించేవాడు. అక్కడ అన్నిటికంటే పెద్ద ఓక్ చెట్టు కింద నుంచి సన్నటి నీలం పొగ నిటారుగా లేచేది. ఆ పొగ మా నాన్నది.

మా నాన్న అబూ సతామ్. సతామ్ మా అన్న, అకబా రేవులో పనిచేస్తాడు. ఊళ్ళో వాళ్ళు ఎదురుగా అబూ సతామ్ అంటారుగానీ, వెనక మాత్రం అబూ దుఖాన్ అంటారు, పొగకి నాన్న అని. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ చెట్టు కిందే ఆయన చాయ్ కాస్తున్నాడు. ఎండుపుల్లల మీద మరగని చాయ్ ఆయన దృష్టిలో చాయే కాదు, ఆస్పత్రిలో రోగులకిచ్చే వేణ్ణీళ్ళు.

కిందటేడు జూన్‌లో ఎవరి కుంపట్లోంచో లేచిన రవ్వ పడమటి వాలునంతా బూడిద చేసింది. ఆ తర్వాతే మేము పదకొండుమందిమి కలిసి ఈ గుంపు పెట్టుకున్నాం. నేను ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతాను. పక్కింటి ఉమ్ ఖజాల్ ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మనిషి. హాజీ నవ్వాష్ సైన్యంలో వంటవాడిగా చేసి రిటైరైన పెద్దాయన. మిగతావాళ్ళంతా ఇరుగుపొరుగే. రికాద్ మాత్రం మా గుంపులో లెక్క కాదు, అతను ప్రభుత్వ అడవి కాపలాదారు. మూడు గుట్టలకీ అతనొక్కడే, అతనికి తోడు ఒక డొక్కు మోటార్ సైకిల్.

మార్చి మొదటి వారంలో గుట్ట మొదట్లో ఒక లారీ ఆగి ఇనుపస్తంభాలు దించిపోయింది. ఆకుపచ్చ రంగు వేసిన స్తంభాలు, తీగచుట్టలు. రికాద్ నా దగ్గరికి వచ్చి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"మేడమ్, పై నుంచి ఆర్డరు. ఈ సీజన్‌లో ఒక్క నిప్పు లేచినా చాలు, జూన్‌లో గుట్ట చుట్టూ కంచె పడుతుంది. ఆ తర్వాత ఎవరూ లోపలికి రాకూడదు. మీరూ, నేనూ, ఎవరూ."

"మే నెలాఖరు దాకా ఎన్ని శుక్రవారాలు?"

"పన్నెండు," అన్నాడు. అప్పటికే లెక్కపెట్టుకున్నాడన్నమాట.

ఆ సాయంత్రం నేను నాన్నకి సంగతంతా చెప్పాను. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయన శ్రద్ధగా విన్నాడు. పాపం, ఎప్పుడూ శ్రద్ధగానే వింటాడు.

"నిజమే అమ్మా, జనానికి బొత్తిగా బుద్ధి లేదు. గట్టిగా చెప్పండి," అన్నాడు.

"నీకూ చెబుతున్నాను నాన్నా."

"నాకా? ముప్ఫై ఏళ్ళల్లో ఒక్క ఆకు కమిలిందా? బూడిద కూడా పూడ్చిపెట్టి వస్తానే!"

"నువ్వు పూడుస్తావు. నిన్ను చూసి పెట్టినవాళ్ళు పూడ్చరు. నీ పొగ కనబడినంతకాలం మా మాట ఒక్కడూ వినడు."

"అయితే వాళ్ళకి పూడ్చడం నేర్పించు. టీచరువేగా!" అని లేచిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా చాయ్‌లో చక్కెర తగ్గించి కసి తీర్చుకున్నాను. ఆయన పట్టించుకోనైనా లేదు.

మూడు శుక్రవారాలు ఇలాగే గడిచాయి. మూడో వారం ఒక చెట్టు మొదట్లో ఎండుగడ్డి అంటుకుంది. నేనూ రికాద్ చెరో పక్క నుంచి పరిగెత్తి, తొక్కి, నీళ్ళు పోసి ఆర్పాం. నా బూటు అడుగు కరిగిపోయింది. రికాద్ మసి ముఖంతో నా వైపు చూసి, "మేడమ్, ఇది లేచినట్టా, లేవనట్టా?" అన్నాడు.

"లేవలేదు. మనిద్దరం చూడలేదు," అన్నాను.

"నేను చూశాను మేడమ్," అన్నాడు నీళ్ళు నములుతూ. మళ్ళీ తనే, "కానీ ఇంత చిన్నదానికి రిపోర్టులో గడి లేదు," అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు, అంతకంటే దూరం వెళ్ళలేడు.

మర్నాడు ఉమ్ ఖజాల్ వాకిట్లో కూర్చుని ఖుబ్బేజా ఆకుకూర బాగుచేస్తూ ఏడ్చినంత పని చేశాను. ఆవిడ కాడలు తుంచుతూనే, "పిల్లా, నువ్వు ఆయన్ని కూతురిలా అడుగుతున్నావు," అంది. "కూతురు అడిగితే ఏ తండ్రయినా 'చూద్దాంలే' అంటాడు. అడగాల్సిన పద్ధతిలో అడిగించు. పెద్దమనుషుల్ని పంపించు. కప్పు కింద పెట్టించు."

చెయ్యి ఆకులో ఉండగానే నాకు నవ్వొచ్చింది. మా దగ్గర పెద్ద కోరిక ఏదైనా ఉంటే, అది పెళ్ళిసంబంధం గానీ, రాజీ గానీ, పదిమంది పెద్దలు కలిసి ఆ ఇంటికి వెళ్తారు. దాన్నే జాహా అంటాం. ఇంటాయన కాఫీ పోస్తాడు. వచ్చిన పెద్ద ఆ కప్పు అందుకుని తాగకుండా ముందు పెట్టుకుంటాడు. "తాగండి, మీరు వచ్చిన పని అయినట్టే" అని ఇంటాయన అనేదాకా ఆ కాఫీ ఎవరూ ముట్టరు. కాఫీ చల్లారితే ఆ ఇంటికే చిన్నతనం. కానీ చాయ్ పుల్లల కోసం జాహా వెళ్ళడం నేను వినలేదు, మా తాత కూడా విని ఉండడు.

హాజీ నవ్వాష్ వినగానే తొడ చరిచాడు. "వస్తున్నామని మాత్రం కబురు పెడతాను. ఎందుకో చెప్పను. చెప్పానంటే ఆ శుక్రవారం మీ నాన్న ఊళ్ళోనే ఉండడు."

అక్కడే చేశాం పొరపాటు.

ఆ వారం నాన్న వాలకం నాకు అంతుపట్టలేదు. సోమవారం జుట్టు కత్తిరించుకొచ్చాడు. మంగళవారం ఒంటెబొచ్చు అంగవస్త్రం బయటికి తీసి ఇస్త్రీకి ఇచ్చాడు. బుధవారం అన్నం తింటూ, "ఆ రికాద్ వాళ్ళ నాన్న ఎలాంటివాడు?" అన్నాడు.

"నాకేం తెలుసు? మంచివాడే అయ్యుంటాడు."

"ఆ మోటార్ సైకిల్ తప్ప అతనికి కారు లేదా?"

"నాన్నా, అడవిలో కారెందుకు?"

"అదీ నిజమేలే," అని బుద్ధిగా తలూపి, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అడవి కాపలా మీద ఇన్నాళ్ళకి ఆసక్తి పుట్టిందని నేను మురిసిపోయాను. ముప్ఫై ఏడేళ్ళు వచ్చినా నా బుర్ర అంత చురుకు!

శుక్రవారం పెద్ద ఓక్ చెట్టు కింద కొత్త చాపలు, దిండ్లు వెలిశాయి. మా బాబాయిలిద్దరూ, నాన్న వైపు చుట్టాలూ కలిపి పన్నెండుమంది వచ్చి కూర్చున్నారు. ఇంతమంది ఎందుకా అనుకున్నాను. మధ్యలో మాత్రం ఎప్పటిలాగే మంట, మంట మీద మసిబారిన చాయ్ కెటిల్. పక్కన కాఫీ కూజా. నేనూ ఉమ్ ఖజాల్ పద్ధతి ప్రకారం ముప్ఫై అడుగుల అవతల ఇంకో చెట్టు కింద కూర్చున్నాం. మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. మా వాళ్ళలో మెల్లగా మాట్లాడే మగాడు ఇంకా పుట్టలేదు.

హాజీ నవ్వాష్ ముందు, వెనక ఏడుగురు, చివర్న రికాద్ వచ్చారు. రికాద్ గడ్డం గీసుకుని, యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ప్రభుత్వం తరఫున సాక్షిగా ఉండమని హాజీయే పిలిచాడట. అతన్ని చూడగానే నాన్న మొహం వెలిగిపోయింది.

బాబాయి కాఫీ పోశాడు. హాజీ కప్పు అందుకుని చాప మీద పెట్టాడు. వెనక ఏడుగురూ పెట్టారు. రికాద్ కూడా పెట్టాడు, తొందరలో కొంచెం ఒలికింది.

"అబూ సతామ్," అని హాజీ గొంతు సవరించుకున్నాడు. "నీ గౌరవం మాకు తెలుసు. నీ చెయ్యి పెద్దదనీ తెలుసు. ఈరోజు మేము నీ దగ్గరికి ఒక ఆశతో..."

"తాగండి హాజీ!" అన్నాడు నాన్న.

హాజీ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఇంకా చెప్పలేదు కదయ్యా."

"చెప్పేదేముంది! అడక్కముందే ఇచ్చాను. మీరు వచ్చిన పని అయిపోయింది. ఇదే నా మాట, ఇంతమంది ముందు. తాగండి, చల్లారిపోతోంది!"

"కనీసం ఏమిటో విను..."

"కుర్రాడు ఎదురుగానే ఉన్నాడు. బుద్ధిమంతుడు, ప్రభుత్వ ఉద్యోగం. ఇంకేం వినాలి?" అని నాన్న వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

చిన్నబాబాయి కారు డిక్కీ తెరిచి చేటంత పళ్ళెం ఎత్తుకుని వచ్చాడు. నారింజరంగులో నిగనిగలాడుతున్న కునాఫా. మా దగ్గర పిల్లనిచ్చామని మాట అయ్యాక పంచే మిఠాయి అది.

అప్పుడు వెలిగింది నాకు. కటింగు, అంగవస్త్రం, కారు లేదా అన్న ప్రశ్న, అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఉమ్ ఖజాల్ నా మోచెయ్యి పట్టుకుని, "అయ్యో అయ్యో," అంటూ నవ్వు ఆపుకోలేక ముసుగు నోట్లో కుక్కుకుంది. రికాద్ చెవులు పళ్ళెంలో కునాఫా కంటే ఎర్రబడ్డాయి.

హాజీ నవ్వాష్ సైన్యంలో రెండువేలమందికి అన్నం వండినవాడు. అంత తేలిగ్గా తడబడడు. కప్పు ఎత్తి గుటుక్కున తాగి, ఇక చాలని కప్పు ఊపి కింద పెట్టేశాడు. మా దగ్గర కప్పు ఊపితే చాలని, ఊపకుండా చాపితే మళ్ళీ పొయ్యమని.

"దేవుడు నీ ఇంటిని చల్లగా చూడాలి అబూ సతామ్. తాగాం, మాట తీసుకున్నాం. మేము అడగొచ్చింది మాత్రం ఈ మంట. ఇక మీదట ఈ గుట్ట మీద చెట్ల కింద నువ్వు నిప్పు వెయ్యకూడదు."

చిన్నబాబాయి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాన్న హాజీని చూశాడు, రికాద్‌ని చూశాడు, తర్వాత మంటని చూశాడు. ఆయన మొహం చిన్నబోవడం నాకు అంత దూరానికీ కనిపించింది.

తర్వాత ఆయన లేచాడు. మసి కెటిల్ పిడి అంగవస్త్రం కొసతో పట్టుకుని, మరుగుతున్న చాయ్ అంతా మంట మీద పోసేశాడు. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది.

"మాట మాటే," అన్నాడు. "కునాఫా తినండి. చల్లారితే జున్ను గట్టిపడుతుంది."

ఉమ్ ఖజాల్ ఇక ఉండబట్టలేకపోయింది. నాలుక ఆడించి పెళ్ళిళ్ళల్లో పెట్టే కూత గుట్టంతా వినబడేలా పెట్టింది. కింద చెట్ల కింద వాళ్ళంతా ఎవరిదో పెళ్ళి కుదిరిందని చప్పట్లు కొట్టారు.

నేనూ కునాఫా తిన్నాను, నవ్వాను. ఇంటికి వెళ్ళే దారిలో కార్లో కూర్చున్నాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

"నాన్నా, అడక్కముందే ఇచ్చేశావు."

"ఇచ్చాను కదమ్మా, ఇంకేం కావాలి? మంట ఆర్పేశాను."

"మంట సంగతి కాదు. నన్ను ఇచ్చేశాననుకున్నావుగా. నన్ను అడిగావా?"

"ఆ రికాద్ మంచివాడేగా..."

"మంచివాడే. నన్ను అడిగావా?"

నాన్న మలుపు దగ్గర సిగ్నల్ వెయ్యబోయి వైపర్లు వేశాడు. వాన లేదు. అద్దం మీద అవి కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతుంటే ఇల్లు వచ్చేదాకా ఆయన ఆపలేదు. నేనూ ఆపలేదు. నాకు కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "నాకూ ఒక పసుపుపచ్చ చొక్కా ఇవ్వు," అన్నాడు. క్షమించమని అనడం ఆయనకి రాదు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు, అయినా వేసుకున్నాడు. చేతిలో ఫ్లాస్కు. మూత తీసి ఒక గుక్క తాగి, "ఛీ, ఆస్పత్రి," అని మొహం ముడుచుకుని బయలుదేరాడు.

ఆరోజు రికాద్ నాకు ఎదురుపడి, చూపులు చెట్ల మీద పెట్టి, "మేడమ్, ఒట్టు, నాకేం తెలియదు," అన్నాడు.

"నాకు తెలుసులే."

"కునాఫా మాత్రం చాలా బాగుంది," అని మోటార్ సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. అది రెండుసార్లు ఆగిపోయింది.

గుట్ట మీద పొగ లేకపోయేసరికి జనానికి చూపించడానికి ఏమీ మిగల్లేదు. గడ్డం పైకెత్తినవాడికి పెద్ద చెట్టు కింద ఖాళీ చాప కనిపించేది. సగం మంది గొణుక్కుంటూ రాళ్ళ చదునుకి కుంపట్లు మోసుకెళ్ళారు. మిగతా సగాన్ని నాన్న పట్టుకున్నాడు. ఆయన పద్ధతి వేరు. నాలాగా పాఠం చెప్పడు. నేరుగా వెళ్ళి వాళ్ళ చాప మీద కూర్చుంటాడు. మా వాళ్ళు ముసలాయన వచ్చి కూర్చుంటే కాఫీ పొయ్యకుండా ఉండలేరు. పోశాక ఆయన కప్పు కింద పెట్టేస్తాడు. ఇక వాళ్ళ పప్పులుడకవు.

ఒక్కచోటే తల ప్రాణం తోకకొచ్చింది. మే నెల, గడ్డంతా ఎండి గలగలలాడుతోంది. అమ్మాన్ నుంచి వచ్చిన కొత్త కాపురం వాళ్ళు చెట్టు మొదట్లోనే బొగ్గులు రాజేశారు. నాన్న వెళ్ళి కూర్చున్నాడు. ఆ కుర్రాడు మర్యాదగా కాఫీ ఇచ్చాడు. నాన్న కింద పెట్టాడు.

"తాగండి అంకుల్," అన్నాడు కుర్రాడు.

నాన్న గంభీరంగా కూర్చున్నాడు.

"చక్కెర కావాలా అంకుల్?"

నాన్న నా వైపు దిక్కుతోచని చూపు చూశాడు. ఇంతలో కారు వెనకసీట్లో కునికిపాట్లు పడుతున్న వాళ్ళ నానమ్మ కళ్ళు తెరిచింది. కప్పునీ, నాన్ననీ చూసి అద్దంలోంచే అరిచింది.

"ఓరి బడుద్ధాయ్! పెద్దాయన కప్పు కింద పెడితే చక్కెర అంటావేంట్రా? ఏం కావాలో అడుగు! మన పరువు తీశావు కదరా!"

రెండు నిమిషాల్లో కుంపటి రాళ్ళ చదునుకి వెళ్ళింది. నాన్న వాళ్ళ కాఫీ మూడు కప్పులు తాగి, నానమ్మతో ఆవిడ పుట్టిల్లు ఎక్కడో, ఎవరి తాలూకో తేల్చుకుని మరీ లేచాడు.

ఆఖరి శుక్రవారం కూడా రవ్వ లేవకుండా గడిచిపోయింది. జూన్ మొదటి ఆదివారం లారీ వచ్చింది. మేము పదకొండుమందిమీ గుట్ట మొదట్లో నిలబడి చూస్తుండగా కూలీలు ఆ ఆకుపచ్చ స్తంభాల్ని ఒక్కొక్కటిగా తిరిగి ఎక్కించారు. హాజీ నవ్వాష్ చేత్తో లారీ తలుపు మీద దరువు వేశాడు. నాన్న తానూ ఒక స్తంభం మోస్తానని పంతం పట్టి, నడుం పట్టేసి, రెండు రోజులు మంచం మీదున్నాడు. నాకు మాత్రం ఆ లారీ వెనకభాగం మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మూడోరోజు సాయంత్రపు అసరు నమాజు అయ్యాక నాన్న వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను గ్యాస్ పొయ్యి మీద కాచిన కాఫీ తెచ్చి పోశాను. ఆయన కప్పు అందుకుని, ఒక క్షణం పట్టుకుని, మా ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాడు.

నేను నిలబడిపోయాను. "ఏంటి నాన్నా?"

ఆయన కప్పుని కొంచెం నా వైపు జరిపాడు.

"ఏం కావాలో ముందు చెప్పు. వినకుండా ఇచ్చేసే అలవాటు ఈ ఇంట్లో ఒకరికే ఉంది."

నాన్న నవ్వలేదు. కప్పు వైపే చూస్తూ చెప్పాడు. "హాజీ మళ్ళీ కబురు పెట్టాడు. వచ్చే గురువారం వస్తారట. ఈసారి నేను అడిగి తెలుసుకున్నాను. రికాద్ కోసమే. నేనేం చెప్పాలో నాకు తెలియదని చెప్పి పంపించాను. అది చెప్పాల్సింది నువ్వు. నువ్వు చెప్పేదాకా నేనిది తాగను."

వాకిట్లో నీడ గోడ దాకా వచ్చింది. నేను ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. కాఫీ మీద ఆవిరి తగ్గింది, తర్వాత అసలు లేదు. మా నాన్న గోరువెచ్చటి కాఫీ కూడా ముట్టని మనిషి. అయినా కదల్లేదు.

"రానివ్వు," అన్నాను చివరికి. "వాళ్ళు అడిగేది పూర్తిగా విను. విన్నాక నా వైపు చూడు. నేను ముప్ఫై అడుగుల అవతల ఉండను, నీ పక్కనే కూర్చుంటాను. జవాబు నేనే చెబుతాను."

"ఏం చెబుతావు?"

"అది గురువారం వింటావు."

నాన్న తలూపాడు. కప్పు ఎత్తి, చల్లారిన కాఫీ మొత్తం తాగేశాడు. ఆస్పత్రి అనలేదు. ఖాళీ కప్పు నా ముందుకి చాపాడు, ఊపలేదు. నేను మళ్ళీ పోశాను.